పని ఎవరిది?

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి మొన్నమొన్నటిదాకా పొలాల ఊరు. ఇప్పుడక్కడ పారిశ్రామిక వాడ వెలిసింది. వెల్‌స్పన్ ఫ్లోరింగ్ కార్ఖానా నడుస్తోంది, అమెజాన్ డేటా సెంటర్ వచ్చింది. ఇలాంటి చోట ఏ పనీ ఒక్కరి చేతిమీదుగా పూర్తి కాదు. మిషన్ చప్పుడులో ఏదో తేడా ఉందని పగటి షిఫ్టు వాళ్లు చెప్పి వెళితేనే రాత్రి షిఫ్టు వాళ్లు జాగ్రత్తపడతారు. అయినా పని ముగిశాక, ఏ కార్ఖానాలోనైనా ఏ ఆఫీసులోనైనా, మాటల్లోకి వచ్చేసరికి అదంతా ఎవరో ఒకరిదైపోతుంది. నేను ఉండబట్టి సరిపోయిందని ఒకరంటారు. పక్కవాళ్లు తమ ఇబ్బంది చెప్పబోతే మధ్యలోనే అందుకుని తన కథ మొదలుపెడతారు ఇంకొకరు. దీన్ని మనం మర్యాద తెలియకపోవడం అనుకుంటాం. మర్యాద నేర్పితే పోతుందని శిక్షణ తరగతులు పెడతాం. కానీ ఇది మొదట అజ్ఞానం, ఆ తర్వాతే అమర్యాద. జరిగినదాన్ని తప్పుగా చూస్తున్నాం కాబట్టే తప్పుగా చెబుతున్నాం. మార్చుకోవలసింది ముందు ఆ చూపునే.

ఇందుకు ఆధారం ఉంది. 1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంతని అడిగారు. ఇద్దరి లెక్కలూ కలిపితే ఎక్కువ జంటల్లో మొత్తం నూటికి మించిపోయింది. అసలు విశేషం మరొకటి. గొడవలకు కారణం కావడం వంటి, ఒప్పుకుంటే చిన్నతనమయ్యే విషయాల్లోనూ మనుషులు తమ వాటానే పెంచి చెప్పారు. కేవలం గొప్పలకు పోవడమే అయితే అలా చెప్పుకోరు కదా! తాము పడ్డ శ్రమ తమకు కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, ఎదుటివారిది అంతగా ఉండదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెప్పేదీ దాదాపు ఇదే. ఏ పనికైనా అయిదు కారణాలు ఉంటాయి, అందులో తాను ఒక్కడే కర్తనని చూసేవాడు సరిగా చూడడం లేదు అంటాడు కృష్ణుడు. అక్కడ ఎత్తిచూపింది ఆ మనిషి చూపులోని లోపాన్ని.

ఆ అయిదూ అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. వీటిని కార్ఖానా నేలమీద నిలబెట్టి చూద్దాం. కరణాలంటే పనిముట్లు, ఇంద్రియాలు: మిషనూ, దాన్ని నడిపే చేతులూ కళ్లూ. చేష్టలంటే ఆ రోజు అక్కడ జరిగిన వందల చిన్న కదలికలు, ఊడ్చినవారివి, మోసినవారివి కూడా. దైవం అంటే మన చేతిలో లేనిది, ఆ పూట కరెంటు పోకపోవడం లాంటిది. అధిష్ఠానాన్ని గీతా వ్యాఖ్యాతలు శంకరుడూ రామానుజుడూ శరీరం అన్నారు. చందనవెల్లి లెక్కలో నేల కూడా అందులోకి రావాలని నాకనిపిస్తుంది. ఇక్కడ ప్రతి ఉత్పత్తీ రైతుల చేతుల్లోంచి పోయిన భూమి మీద తయారవుతోంది. మీటింగులో విజయాల జాబితా చదివేటప్పుడు ఈ వాటా ఎవరి నోటా రాదు. ఇదే ప్రాంతంలో, మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక 108. మొక్కు సంగతి ఎలా ఉన్నా ఆ నిష్పత్తిలో ఒక క్రమశిక్షణ ఉంది. తాను పొందినదాన్ని గుర్తు చేసుకోవడానికి, అడిగినప్పటికంటే ఎక్కువసేపు నడవాలి.

ఈ వాదనకు గట్టి ఆక్షేపణలే ఉన్నాయి. అందరూ నేను చేయలేదంటూ కూర్చుంటే అప్రైజల్‌లో నోరున్నవాడే గెలుస్తాడు. నెమ్మదస్తులు, కొత్తగా చేరిన ఆడపిల్లలు, కాంట్రాక్టు కార్మికులు మరింత వెనకబడతారు. పైగా అన్నీ దైవాధీనం అనేస్తే తప్పు జరిగినప్పుడు జవాబు చెప్పేవాడే ఉండడు. ఈ రెండిటికీ రామానుజుడి దగ్గర సమాధానం దొరుకుతుంది. ఇదే రంగారెడ్డి జిల్లాలోని ముచ్చింతల్‌లో 2022లో ఆయనకు 216 అడుగుల విగ్రహం వెలిసింది, కానీ ఆయన వాదన అంత ప్రచారంలోకి రాలేదు. జీవుడు నిజంగానే కర్త అన్నాడాయన శ్రీభాష్యంలో. కాకపోతే ఆ కర్తృత్వం స్వతంత్రమైనది కాదు, పరమాత్మ మీద ఆధారపడినది. కర్త కాకపోతే ఇది చేయి, అది చేయకు అనే శాస్త్రానికే అర్థం ఉండదు. అంటే గీత చెప్పిన అయిదింటిలో కర్త ఒకడు, ఆ ఒక్క స్థానాన్ని వదులుకోవడమూ తప్పు లెక్కే. చేసిన పనిని చేయలేదనడం వినయం కాదు. రాత్రంతా మేల్కొని లోపం పట్టుకున్న అమ్మాయి ఇది నేను పట్టుకున్నానని చెప్పడం అహంకారమూ కాదు. ఆమె మాటను తన మాటగా పైకి చేరవేసిన సూపర్‌వైజర్‌ది అహంకారం. అహంకారం వదులుకోమనే బోధ కిందివాళ్ల నోరు మూయించడానికి మన సమాజంలో చాలాకాలంగా పనికొచ్చింది. కాబట్టి దీన్ని పైనున్నవారితోనే మొదలుపెట్టాలి. అలా కాకపోతే బోధించకపోవడమే మేలు.

ఇక మాట్లాడే తీరు సంగతి. చరక సంహిత విమానస్థానంలో వైద్యుల మధ్య చర్చ రెండు రకాలని ఉంది: సంధాయ సంభాష, విగృహ్య సంభాష. ఒకటి కలిసి తెలుసుకోవడానికి, రెండోది గెలవడానికి. మొదటి రకంలో తెలియనిది సంకోచం లేకుండా అడగాలి, అడిగినవారికి విడమరిచి చెప్పాలి, ఎదుటివారు ఓడిపోయినా సంబరపడకూడదు, నలుగురిలో గొప్ప చెప్పుకోకూడదు. ఇవి మునులకు చెప్పిన నియమాలు కావు, రోగి ప్రాణం చేతిలో ఉన్న వృత్తివారికి చెప్పినవి. 2010లో అమెరికాలో 699 మందిని చిన్న బృందాలుగా చేసి వూలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు చూసినదీ ఆ దారిలోనే ఉంది. సభ్యుల తెలివితేటల సగటు కంటే, మాట్లాడే వంతు అందరికీ ఎంత సమానంగా వచ్చిందన్నది బృందం సామర్థ్యాన్ని బాగా చెప్పింది. ఒకరిద్దరే మాట్లాడిన బృందాలు వెనకబడ్డాయి. అయితే ఆ వంతు రావాలంటే ముందు గదిలో చోటుండాలి. మిషన్ పక్కన పొద్దంతా నిలబడే కాంట్రాక్టు కార్మికుణ్ణి ఆ మిషన్ గురించి జరిగే మీటింగుకు సాధారణంగా పిలవరు. అతనికి తెలుగు రాకపోతే అడగాలన్న ఆలోచన కూడా రాదు. లోపం మొదట విన్నది అతని చెవులే అయినా, నివేదికలో అది వేరొకరి పేరు మీద, ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా నమోదవుతుంది.