శరణాగత రక్షణము - ముడివేము అగ్రహారము

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతమున, నల్లరేగడి శనగచేల నడుమ పెద్దముడియమను గ్రామము గలదు. తూర్పు చాళుక్యుల శాసనములలోని ముడివేము అగ్రహారము ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. 1011లో పట్టాభిషిక్తుడైన విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమున ఈ అగ్రహారమును గూర్చిన గాథ యొకటి యున్నది.

అయోధ్యనుండి దక్షిణమునకు దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవునితో పోరి మడిసెను. గర్భవతియైన ఆయన రాణి, పురోహితుడును వృద్ధామాత్యులును అంతఃపుర స్త్రీలును వెంటరాగా, ముడివేమును చేరెను. విష్ణుభట్ట సోమయాజి యను విప్రుడు ఆమెను కన్నకూతురివలె కాపాడెను. అచ్చటనే విష్ణువర్ధనుడు జన్మించెను. ఆ బాలునకు కులోచితమైన సంస్కారములన్నియు జరిగెను. ఇది వంశకీర్తికై అల్లిన కథయని చరిత్రకారులు తలంతురు. కావచ్చును. ఐనను ఒక రాజవంశపు పునాదిని గృహస్థుని వాకిట నిలిపిన ఆ శాసనకర్త మనస్సు నాకు పూజ్యముగా తోచును.

సోమయాజి ఆమెకు ఒకపూట అన్నము పెట్టి పంపలేదు. తలదాచుకొన చోటు, పురిటికి ఆదరవు, బిడ్డకు సంస్కారము, అన్నియు ఒక్క ఇంటనే లభించినవి. ఆ గుమ్మము తొక్కిన పిమ్మట ఆమెకు మరియొక గుమ్మము తొక్క పనిలేకపోయెను.

నేడు దిక్కులేని ఇల్లాలికి ఎన్ని గుమ్మములు! బియ్యమునకు చౌకధరల దుకాణము; బిడ్డ పోషణకు, 1975లో ఆరంభమైన శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడి; రోగమునకు, 2007లో ఆరోగ్యశ్రీ పేరున మొదలైన పథకము; అప్పునకు పొదుపు సంఘము. ఇవి అల్పములని నేననను. పలు శాఖల పనులను ఊరిలోనే ఒక్కచోటికి తేవలెనను ఉద్దేశముతోనే 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. కాని కాగితము చదువలేని వానికి ఒక్క గుమ్మమైనను ఎత్తైనదే.

నా తప్పొకటి చెప్పెదను. ఒక ధనుర్మాసమున గుడివీధిలోని వితంతువు ఇంటికి బియ్యము పంపితిని. అదే వారమున మరి ముగ్గురు భక్తులును ఆ ఇంటికే పంపిరట. ఊరి చివర ఒక ముదుసలికి కూలిపనిలో వ్రేళ్ల గీతలరిగి, యంత్రముపై ముద్ర పడక, రెండు నెలలుగా బియ్యము లేదు. ఆయనకు కావలసినది వెంట నడచి అధికారితో మాటలాడు మనిషి. ఈ సంగతి నాకు ఆరు నెలలకు గాని తెలియలేదు.

అప్పుడు మేము కొందరము, ఎవరికేమి కావలెనో ఎవరేమి యిత్తురో కోవెలలో ఒక పుస్తకమున వ్రాసికొందమని ప్రతిపాదించితిమి. దాత యొకరు కోపించి, "మా దానమునకు మీ అనుమతి యేమి?" అనిరి. ప్రశ్న తేలికైనది కాదు. శ్రద్ధతో ఇచ్చునది దానము; ఇతరులు నియమించినచో శ్రద్ధ నిలుచునా?

కాని కోవెలలో ఎవరికి తోచినపుడు వారు దీపము వెలిగింతురా? తిరుమంజనమునకు జలము తెచ్చువారొకరు, పుష్పమాల కట్టువారొకరు, తళిగ సిద్ధము చేయువారొకరు. తన వంతు కొరకు వేచియుండుటచే ఎవరి భక్తియు తగ్గదు. స్వామి కైంకర్యమునకున్న క్రమము, స్వామి అంతర్యామియై యున్న ఆకలిగొన్నవాని సేవకు వలదా? శేషభూతుడనని నిత్యము అనుసంధించువాని నోట "నా దానము, నా యిష్టము" అను మాట రాదగదు.

రెండవ చిక్కు ఇంతకన్న కఠినమైనది. పేరు వ్రాసిన దినముననే లేమి పదిమంది నోట పడును. కూతురి లేమిని ఏ తండ్రియు గోడకంటింపడు గదా! అందుచే ఆ పుస్తకము ఇద్దరి చేతులలోనే యుండునట్లు నిశ్చయించితిమి. అందొకరు పొదుపు సంఘమున పెద్దదియైన ఒక తల్లి. ఏ పొయ్యి రాజుకొనలేదో ఆమెకు తెలిసినట్లు నాబోటి పండితునకు తెలియదు. దాతకు పేరు చెప్పరు. "ఈ నెల మందులు", "ఈ నెల బడి పుస్తకములు" అని మాత్రమే తెలుపుదురు. తోడు నడువవలసి వచ్చినపుడు మాత్రము, ఆ యింటివారి సమ్మతి గొని చెప్పుదురు. ఇందును పొరపాట్లు జరుగుచునే యున్నవి.

మొన్నటి శ్రావణ శనివారమున, మున్ను కోపించిన ఆ దాతయే పంచుటకు చీరలు తెచ్చిరి. ఆ తల్లి వానిని కన్నులకద్దుకొని, "అయ్యా, ఈ మారు ఒక ముసలాయనను జమ్మలమడుగు ఆసుపత్రికి తోడ్కొని పోగలరా?" అని అడిగినది. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప బస్సు ఎన్ని గంటలకని అడిగిరి.