మంచి రోజు చెప్పే మనిషి

విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కి అరకు వెళ్లేవాళ్లకు కిటికీ పక్క సీటు దొరికితే పండగే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. మధ్యలో ఏ స్టేషన్లోనో బండి ఆగి దారి ఇస్తుంది. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బరువుగా కిందికి దిగిపోతుంది. బైలడిల్లా కొండల్లో తవ్విన రాయి అది. కొంత ఓడరేవుకు, కొంత ఉక్కు కర్మాగారానికి. 1960ల్లో ఈ లైను వేసిందే ఆ రాయి కోసం. ఆ పట్టాలకు ఇరువైపులా కొండ ఊళ్లలో మాత్రం కాలం లెక్క చెప్పే మనిషి వేరే ఉన్నారు. ఆయన్ను దిసారి అంటారు.

పెళ్లికి ముహూర్తం దిసారి చెప్పాలి. పుట్టిన బిడ్డకు పేరు, జబ్బుపడినవాళ్లకు కారణం, విత్తనం చల్లడానికి రోజు, అన్నింటికీ ఆయన మాటే ఆధారం. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ కూడా అంతే. ఊరి విత్తనాలను దేవత ముందు పెట్టి పూజ చేశాకే పొలానికి తీసుకెళ్తారు. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టుకుని, వచ్చేపోయే బళ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు గదబలు, పోర్జలు మొదలైన తెగల్లో పాతది. ఊరి పిలుపుల్లో సోమవారం, బుధవారం, శుక్రవారం మనుషులై తిరుగుతుంటాయి.

ఇక్కడికి ఎన్నో వేల మైళ్ల దూరంలో, రెండు వేల ఏళ్ల కిందట, ఇలాంటి మనుషులే ఇంకొందరు ఉండేవారు. నేటి ఫ్రాన్స్, బ్రిటన్ ప్రాంతాల్లో కెల్టిక్ తెగల మధ్య బతికిన వాళ్లను డ్రూయిడ్లు అనేవారు. పూజలు చేయించడం, తగవులు తీర్చడం, పిల్లలకు చదువు చెప్పడం, నక్షత్రాల నడక గమనించడం, ఇవన్నీ వాళ్ల పనులే. మన కొండల్లో ఈ పనులు పంచుకుని ఉంటాయి. తగవు ఊరి పెద్దది, గ్రామదేవత పూజ పూజారిది, పూనకం గురుమాయిది, రోజు దిసారిది. డ్రూయిడ్ ఒక్కడే ఇన్ని బరువులు మోసేవాడు. అందుకే కాబోలు, ఆ విద్య పూర్తి కావడానికి కొందరికి 20 ఏళ్లు పట్టేదని రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాశాడు.

ఆ 20 ఏళ్లూ కంఠస్థమే. వేరే అవసరాలకు గ్రీకు లిపి వాడుకున్నా, తమ విద్యను మాత్రం రాతలో పెట్టలేదు. సీజర్ రెండు కారణాలు ఊహించాడు. ఒకటి, విద్య నలుగురిలో పడకూడదని. రెండు, రాత మీద ఆధారపడితే శిష్యుడి జ్ఞాపకం మొద్దుబారుతుందని. ఘనాపాఠి గొంతులో వేదం విన్న తెలుగువాళ్లకు రెండో కారణం విడమర్చి చెప్పక్కర్లేదు. గొంతులో నిలిచిన విద్యకు గురువు ఎదురుగా కూర్చోవాలి, తప్పు చెబితే ఆపాలి, మళ్లీ చెప్పించాలి. అందులో ఇద్దరు మనుషుల వయసు కరిగి ఉంటుంది.

1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీలో ఒక కంచు పలక ముక్కలు దొరికాయి. అతికించి చూస్తే ఐదేళ్ల పంచాంగం. చంద్రుడి నెలల్ని సూర్యుడి ఏడాదితో కలపడానికి రెండు అధిక మాసాలు వేసి, మొత్తం 62 నెలలు చెక్కారు. లిపి రోమన్లది, భాష గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ప్రజలది. ప్రతి రోజు పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, ఈ రోజు ఎక్కడున్నామో పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోవడానికి. కొన్ని నెలల మీద మంచిది అనీ, కొన్నింటి మీద మంచిది కాదు అనీ గుర్తులున్నాయి. ఇది క్రీస్తు శకం 2వ శతాబ్దపు వస్తువని పండితుల అంచనా. అంటే, రోమన్లు గాల్‌ను గెలిచి తరాలు గడిచాక అన్నమాట. గొంతులు ఆగిపోతున్న రోజుల్లో ఎవరో ఆ లెక్కను కంచుకు అప్పగించారు. ఈ నెల ఎందుకు మంచిది, ఆ నెల ఎందుకు కాదు అని అడిగితే చెప్పే మనిషి ఇప్పుడు లేడు. ఆ భాష కూడా లేదు.

బాధ కలిగించేది మరొకటి ఉంది. డ్రూయిడ్ల గురించి ప్రపంచానికి తెలిసిందంతా దాదాపుగా వాళ్లను గెలిచినవాళ్ల కలం నుంచి వచ్చిందే. తమ గురించి తాము చెప్పుకున్న మాట ఒక్కటీ మిగల్లేదు. మన కొండల సంగతి చాలాకాలం ఇలాగే నడిచింది. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు, 1909లో థర్‌స్టన్ వెలువరించిన ఏడు సంపుటాలు, రెండూ ఆంగ్ల అధికారులవే. సీజర్ డ్రూయిడ్ల నరబలి గురించి రాశాడు. 19వ శతాబ్దంలో ఆంగ్ల అధికారులు మన కొండల్లోని కోందు తెగవారి మెరియా అనే నరబలి గురించి పేజీలకు పేజీలు రాశారు, దాన్ని మాన్పించే పేరుతో కొండల్లోకి సైన్యాన్ని నడిపారు. బలి ఘోరమైనదే. కానీ ఆ కాగితాల్లో కోందు మనిషి తన దేవత గురించి తన మాటల్లో చెప్పే చోటు వెతికితే దొరకడం కష్టం.

అందుకే గిడుగు రామమూర్తి గుర్తొస్తే మనసు కుదుటపడుతుంది. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు ఆయన సవర తెగ మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. మన్యంలో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆ సవరలకు చనిపోయినవాళ్లతో మాట్లాడే ఆచారం ఉంది. పూనకం వచ్చిన పూజారి, చాలాసార్లు స్త్రీ, పోయినవాళ్ల గొంతుతో పలుకుతుంది. బతికున్నవాళ్లు చుట్టూ చేరి అడుగుతారు, అలుగుతారు, ఏడుస్తారు, వాదిస్తారు. 1970ల నుంచి అక్కడికి వెళ్లివచ్చిన మానవ శాస్త్రవేత్త పియర్స్ వితెబ్‌స్కీ ఈ సంభాషణలను ఓపికగా నమోదు చేశారు. తర్వాతి తరంలో చాలామంది క్రైస్తవులై ఆ సంభాషణ ఆపేయడాన్నీ చూశారు. ఆత్మ నశించదని, ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుందని డ్రూయిడ్లు నమ్మేవారట. యుద్ధంలో చావుకు భయపడకుండా చేయడానికే ఈ బోధ అనుకున్నాడు సీజర్. చచ్చిన తండ్రితో పోట్లాడి, రాజీపడి, తేలికపడి ఇంటికి వెళ్లే సవర కొడుకును చూసి ఉంటే అతనికి ఇంకో కారణం తోచేదేమో.

ఇదే సవర నేల మీద రాత కూడా ఒక అద్భుతమైన మలుపు తిరిగింది. 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత. గునుపూరు ప్రాంతంలో ఆ అక్షరాలను గుడిలో పెట్టి కొలుస్తారు. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గునుపూరు విశాఖపట్నం జిల్లాలోనిదే. డ్రూయిడ్లు దైవాన్ని రాతకు దూరంగా ఉంచారు. సవరలు రాతనే దైవం చేసుకున్నారు. దారులు వేరైనా, తమ విద్య తాళంచెవి తమ చేతిలోనే ఉండాలన్న పట్టుదల రెండింటిలో ఉంది.

ఆ పట్టుదలను విరగ్గొట్టాలనుకున్నవాళ్ల దెబ్బ చెట్ల మీద పడింది. క్రీస్తు శకం 60 ప్రాంతంలో రోమన్ సైన్యం బ్రిటన్ పడమటి అంచున ఉన్న ఆంగిల్సీ దీవికి దాటి, డ్రూయిడ్ల పవిత్ర వనాలను నరికేసింది. 1942లో అదే దీవిలో విమానాశ్రయం కోసం బురద మట్టి తవ్వుతుంటే ఒక ఇనుప గొలుసు దొరికింది. పనివాళ్లు దాంతో బురదలో దిగబడిన లారీలను లాగించారు, అది తెగలేదు. రెండు వేల ఏళ్ల నాటిదని తర్వాత తెలిసింది. బందీల మెడలకు వేసే ఆ గొలుసుతో పాటు కత్తులు, రథం సామాన్లు ఎన్నో ఆ పాత సరస్సులో బయటపడ్డాయి. మొక్కుగా నీళ్లకు సమర్పించినవని పురావస్తు పండితుల అభిప్రాయం. ఉక్కునగరంలో ఇనుము విలువ టన్నుల్లో తెలుసు. ఆ జనం తమ దగ్గరున్న అంత మంచి ఇనుమును తిరిగి నేలకే ఇచ్చేశారు.

2019 జూన్‌లో బైలడిల్లాలో వేలమంది ఆదివాసులు కిరండూల్ చేరి రోజుల తరబడి కూర్చున్నారు. 13వ నంబరు గనికి కేటాయించిన కొండ వాళ్లకు నందరాజ్ దేవుడు. అక్కడ చెట్లు కొట్టడం ఆపాలన్నారు. ప్రభుత్వం పని ఆపించింది. ఆ లైను మీద ఇనుప ఖనిజం తెచ్చే ప్రతి గూడ్సూ ఇలాంటి ఏదో ఒక కొండ నుంచే విశాఖకు వస్తోంది. ఆ ఇనుము లేకుండా ఈ నగరం లేదు, ఉద్యమంలో ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం లేదు. కొండను దేవుడన్నవాళ్ల మాట వినడానికి నగరానికి ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఏం కావాలి?

చైత్రంలో అరకు ఘాట్ రోడ్డెక్కిన కార్లను ఆడవాళ్లు కర్ర అడ్డం పెట్టి ఆపుతారు. అద్దం కొద్దిగా దిగుతుంది, ఒక నోటు బయటికొస్తుంది, కర్ర లేస్తుంది. అద్దం పూర్తిగా దించి, "పండగ ఈ రోజని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగితే, వాళ్లు ఊరి వైపు చెయ్యి చూపిస్తారు. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.