హెల్మెట్, తలరాత, అప్పమాదం



ఈసారి చాలా చిన్న విషయం రాస్తున్నాను. సైకిల్ తొక్కేటప్పుడు హెల్మెట్ పెట్టుకోవాలా, అక్కర్లేదా? మొన్న పౌర్ణమికి విహారంలో వందనం అయ్యాక ఈ మాట ఎత్తితే సగంమంది నవ్వారు. "మాస్టారూ, నిబ్బానం గురించి చెబుతారనుకుంటే నెత్తిన టోపీ గురించి మొదలుపెట్టారేంటి?" అన్నాడొక తమ్ముడు. నవ్వితే నవ్వారు. నాకు మాత్రం ఈ ప్రశ్న ఒక చావింట్లో మొదలైంది.

మా విహారానికి వచ్చే ఉపాసకుడొకాయన గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలాకి వెళ్లేవాడు. రోజూ పొద్దుగూకే వేళ సైకిల్ మీద హైవే దాటాలి. రెండేళ్ల కిందట ఊరి మలుపు దగ్గర వెనకనుంచి కారు గుద్దింది. మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు. సంస్మరణ సభలో త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాక వాళ్ల బంధువు, ఇంకా ధమ్మంలోకి రాని పెద్దాయన, "ఏం చేస్తాం, నుదుట అలా రాసుంది" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. "రాతా లేదు గీతా లేదండీ, నెత్తిన హెల్మెట్ ఉంటే బతికేవాడు" అని అందరి ముందూ గట్టిగా అన్నాను. శాస్త్రీయంగా మాట్లాడాననే అనుకున్నాను. గోడకి ఆనుకుని కూర్చున్న ఆయన భార్య తలెత్తి, "అంటే తప్పు ఆయనదేనా అన్నయ్యా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిందేమంటే, ప్రాణం తీసిన దెబ్బ ఛాతీకి తగిలింది. తలకి పెద్ద గాయమే లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుకి నేనూ హెల్మెట్ పెట్టుకునేవాణ్ణి కాదు.

పెద్దాయన అన్న మాటకీ నేనన్న మాటకీ తేడా ఎంత? ఆలోచించిన కొద్దీ తేడా తగ్గుతూ వచ్చింది. పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఎందుకు తోసిపుచ్చారో మనందరం చదువుకున్నాం. పేదవాడి దుస్థితికి రాజ్యం, సమాజం జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికే అది పనికొస్తుందని, 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మము'లో ఆయన తేల్చి చెప్పారు. నేను చేసిందీ అదే. కారు ఎంత వేగంలో వచ్చింది? మలుపు దగ్గర లైటు ఎందుకు లేదు? సైకిల్ మీద వెళ్లేవాడికి ఆ రోడ్డు మీద జాగా ఎక్కడుంది? ఇవేవీ అడక్కుండా చచ్చిపోయినవాడి నెత్తి వంక చూశాను. కర్మ అనే మాట తీసేసి ఆ చోట హెల్మెట్ పెట్టానంతే.

అయితే దీన్నిబట్టి హెల్మెట్ అనవసరం అనుకుంటే మళ్లీ తప్పే. ఆ మాట తప్పుచోట అన్నాను గానీ, ప్రశ్న అలాగే మిగిలింది. నా సంగతేంటి?

చట్టం ఈ విషయంలో మనల్ని మనకే వదిలేసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమంటోంది మోటారు సైకిళ్ల వాళ్లని. తొక్కుడు సైకిల్‌కి అది వర్తించదు. పోలీసు ఆపడు, చలానా రాదు. అంటే మన బుద్ధితో మనం తేల్చుకోవలసిన పని. కాలాములకి బుద్ధుడు చెప్పిన పద్ధతి ఇలాంటిచోటే పనికొస్తుంది. తాతల నాటి నుంచి వస్తోందనో, పదిమందీ అంటున్నారనో, చెప్పినవాడు గురువనో ఒప్పుకోకుండా, దీనివల్ల మేలా కీడా అని మనమే పరీక్షించుకోవడం.

నా సాకులు ఒక్కొక్కటీ బయటికి తీశాను. మొదటిది, "నలభై ఏళ్ల నుంచి తొక్కుతున్నాను, ఏమీ కాలేదు." ఇది బాగా బలంగా కనబడింది. కాస్త గిచ్చి చూస్తే, మా ఊళ్లో అమ్మోరికి కోడిని కోసేవాళ్లు చెప్పే మాటే ఇది. కోస్తున్నాం, ఊరికి ఏమీ కాలేదు, కాబట్టి కోయాలి! రెండోది, ఎండ. మే నెలలో గుంటూరు ఎండకి నెత్తిన ఏం పెట్టినా ఉడికిపోతుంది, ఇందులో అబద్ధం లేదు. మూడోది డబ్బు. నేను కొన్నది తొమ్మిది వందలు. పింఛను తీసుకునే నాకు అది పెద్ద మొత్తం కాదు, కానీ రోజుకూలి మీద బతికే ఇంట్లో ఆ తొమ్మిది వందలు బియ్యంతో, మందులతో పోటీ పడతాయి. నాలుగోది ఎవరికీ చెప్పుకోలేదు. జనం నవ్వుతారని. రిటైరైన మాస్టారు పాత హీరో సైకిల్ మీద రంగు టోపీ పెట్టుకుని వెళ్తుంటే కుర్రాళ్లు ఊరుకుంటారా? పంచశీల తీసుకున్న రోజున ఊరంతా నవ్వితే లెక్క చెయ్యనివాణ్ణి, ఈ నవ్వుకి జంకాను.

ఇక అది చేసే పనేంటో తెలుసుకున్నాను. సైకిల్ హెల్మెట్ లోపల థర్మాకోల్ లాంటి గట్టి నురుగు ఉంటుంది. తల నేలకి తగిలినప్పుడు అది నలిగిపోతుంది. అలా నలగడంలోనే దెబ్బ జోరు తగ్గి, పుర్రె లోపల మెదడు ఒక్క ఉదుటున ఆగకుండా కాపాడుతుంది. ఒకసారి నలిగితే ఇక పనికిరాదు, మార్చేయాలి. యూరప్ ప్రమాణం ప్రకారం దీన్ని సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచి పరీక్షిస్తారు. గుంతలో చక్రం పడి, కుక్క అడ్డం వచ్చి, ఇసుకలో జారి పడే మనిషి తల ఇంచుమించు ఆ ఎత్తు నుంచే పడుతుంది. అక్కడ అది బాగా కాస్తుంది. హైవే మీద దూసుకొచ్చే కారు ముందు దాని శక్తి తక్కువ. ఛాతీని, నడుముని అది ఎలాగూ కాపాడదు. దాని పని ఎంతవరకో అంతవరకే నమ్మాలి.

మనలో కొందరికి ఇది చెప్పక తప్పదు. బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం మానేశాం, మంచిదే. ఆ చోట బాబాసాహెబ్ స్టిక్కర్ అంటించుకున్నాం, అదీ సంతోషమే. కానీ "ఆయన బొమ్మ ఉంది, నాకేం కాదు" అని ఒక కుర్రాడు నాతో అన్నాడు. చేతికి పరిత్త సూత్రం కట్టుకున్నాను కదా అని ఇంకొకాయన. నిమ్మకాయ పేరు మారింది తప్ప దాని పని మారలేదు. బుద్ధుడు కుశల ధర్మాలన్నిటికీ మూలంగా అప్పమాదాన్ని చెప్పాడు. ఏనుగు అడుగులో మిగతా జంతువుల అడుగులన్నీ ఇమిడినట్టు అన్నీ అందులో ఇముడుతాయన్నాడు. కుశినారలో చివరిగా చెప్పిన మాటలో కూడా ఆ పదమే ఉంది. దాన్ని మనం ధ్యానం దగ్గరే వాడుతున్నాం. బ్రేకు కట్టెలు అరిగాయా, వెనక రిఫ్లెక్టర్ ఉందా అని చూసుకోవడం దగ్గర ఎందుకు వాడం?

సంయుత్త నికాయంలో వెదురుగెడ మీద ఆడే గురుశిష్యుల కథ ఒకటుంది. గురువు గెడ పట్టుకుంటాడు, శిష్యుడు పైన నిలబడతాడు. నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, క్షేమంగా దిగుదాం అంటాడు గురువు. అలా కుదరదు, మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం బాగుంటాం అంటాడు శిష్యుడు. శిష్యుడి పద్ధతే సరైనదన్నాడు బుద్ధుడు. అక్కడితో ఆపలేదు. తనను కాపాడుకునేవాడు ఇతరులను కాపాడతాడు, ఇతరులను కాపాడేవాడు తనను కాపాడుకుంటాడు అని రెండువైపులా చెప్పాడు. మనం సాధారణంగా మొదటి సగం చెప్పుకుని లేచిపోతాం.

రెండో సగం ఎలా ఉంటుందో నెదర్లాండ్స్ దేశంలో కనబడుతుంది. 1971లో ఆ దేశపు రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 'పిల్లల హత్య ఆపండి' అనే పేరుతోనే ఉద్యమం నడిపారు. ప్రమాదం అనలేదు, హత్య అన్నారు, గమనించండి. ఏళ్ల తరబడి పోరాడి సైకిళ్లకి వేరే దారులు వేయించుకున్నారు, ఊళ్లలో కార్ల వేగం తగ్గించారు. ఇవాళ అక్కడ చాలామంది హెల్మెట్ లేకుండానే తొక్కుతారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో సైకిల్‌కి కూడా హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒకరు రోడ్డుని మార్చారు, ఒకరు నెత్తి సంగతి చూశారు. మన దగ్గర, 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు సోలార్ కప్పు వేసి సైకిల్ దారి కట్టారు. చూడ్డానికి బాగుంది. కానీ కోల్డ్ స్టోరేజీకి డ్యూటీకి వెళ్లేవాడి మలుపు దగ్గర ఒక్క లైటు చాలు, అది లేదు.

నేను హెల్మెట్ కొన్నాను. పొద్దున్నా సాయంత్రం పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం ఎండలో సందులో పాల ప్యాకెట్‌కి వెళ్లేటప్పుడు పెట్టుకోను, అబద్ధం ఎందుకు. పెట్టుకోనివాడు కనబడితే కొని పెట్టగలనా అని ఆలోచిస్తున్నాను. లేకపోతే నోరు మూసుకుంటున్నాను.

ఆమె ఇంటికి వెళ్లడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. "ఆ రోజు నేనన్నది తప్పమ్మా, క్షమించు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లాడు తొమ్మిదో తరగతి. సైకిల్ మీదే వెళ్తున్నాడు. మీరు పెట్టుకున్నలాంటిది వాడికి ఒకటి చూడండి అన్నయ్యా" అంది. బయటికి వస్తుంటే, "ఆ మలుపు దగ్గర లైటు సంగతి కూడా ఎవరినైనా అడగండి" అంది.

పిల్లాడికి హెల్మెట్ విహారం తరఫున ఇచ్చాం. లైటుకి అర్జీ పెట్టి ఏడు నెలలైంది. అరవై రెండు సంతకాలు, మొదటిది ఆమెది. పోయిన నెలలో స్తంభం పాతి వెళ్లారు. తీగ ఇంకా లాగలేదు.