సందు ఎవరిది?

రెండిళ్ళ మధ్య రెండడుగుల సందులో ఏముంటుంది? వేపాకులు, నాచు, డాబా మీంచి జారిపడ్డ బట్టల క్లిప్పు, ఎప్పుడన్నా ఒక పిల్లి. చూరునీళ్ళు పడి పడి గోడ అడుగున తవ్వుకుపోయిన చార. అది అమ్మకానికి పనికిరాదు, అద్దెకు రాదు. కానీ ఖమ్మంలోనో భద్రాచలంలోనో మే నెల మధ్యాహ్నం ఆ సందులోంచి కిటికీకి తగిలే గాలి ఎంత విలువైందో, పక్కింటాయన వెనకవైపు గది పెంచి, పైన స్లాబు వేసి, సన్‌షేడ్‌ని మన గోడకు జానెడు దూరంలోకి తెచ్చిన రోజున తెలుస్తుంది. ఆ రోజు పుట్టే కోపానికి పేరు దొరకదు. ఆయన మన స్థలంలోకి రాలేదు. హద్దురాయి కదల్లేదు. దొంగతనం అందామంటే పోయినదాన్ని మనం ఎన్నడూ కొనలేదు, దానికి పట్టా లేదు, పన్ను కట్టలేదు. కొననిది పోయిందని అడిగే హక్కు మనిషికి ఉంటుందా? పంచాయతీ ఆఫీసులో దరఖాస్తు కాగితంగా మొదలయ్యే ఈ ప్రశ్న, కాస్త తవ్వితే ధర్మశాస్త్రాల దాకా పోతుంది.

చట్టానికి ఇది కొత్త కాదు. ఒక ఇంటికి ఇరవై ఏళ్ళపాటు ఎవరి అడ్డూ లేకుండా వస్తున్న వెలుతురూ గాలీ ఆ ఇంటి హక్కే అవుతాయని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెప్పింది. అది మొదట వచ్చింది మద్రాసు, సెంట్రల్ ప్రావిన్సులు, కూర్గు ప్రాంతాలకు. అప్పుడు భద్రాచలం మద్రాసు ఏలుబడిలో ఉంది, ఖమ్మం నిజాం కింద ఉంది. 1959లో గానీ ఆ రెండూ ఒక జిల్లా కాలేదు, 2016లో మళ్ళీ విడిపోయాయి. (ఈ ప్రాంతంలో పెద్ద హద్దులు ఎప్పుడూ దూరాన ఉన్నవాళ్ళే గీశారు.) డబ్బిచ్చి కొననిది కూడా పక్కపక్కన బతకడం వల్లనే హక్కుగా మారుతుందని ఒప్పుకోవడం ఈ చట్టంలోని గొప్పతనం. లెక్క దగ్గరే పేచీ. పంతొమ్మిదో ఏట కిటికీ మూసుకుపోయినవాడికి ఏమీ దక్కదు. ఇరవై దాటినవాడు కూడా తన ఇంట్లో తాను సుఖంగా ఉండలేనంత నష్టం జరిగిందని చూపించాలి. కోర్టుకు ఎక్కడో ఒక గీత కావాలి గనక అది తప్పదు. అయితే తప్పన్నది ఇరవయ్యో ఏడు నిండిన తెల్లారి పుట్టదు కదా.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ళ తగాదాలకే ఒక అధ్యాయం ఉంది. పక్కవాడి గోడకు ఎంత ఎడంగా కట్టాలి, రెండు కప్పుల మధ్య ఎన్ని అంగుళాలు వదలాలి, మేడ మీద కిటికీ ఎంత ఎత్తున పెట్టాలి అన్నీ చెబుతాడు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్లో ముప్పయ్యేళ్ళు చేసినవాడు రాసినట్టే ఉంటుంది. కొలతలన్నీ అయ్యాక ఒక వెసులుబాటు ఇస్తాడు. ఇళ్ళవాళ్ళు కూడబలుక్కుంటే తమకు నచ్చినట్టు కట్టుకోవచ్చు, తమకు కీడనుకున్నదాన్ని ఆపుకోవచ్చు. అంటే ఆయన దృష్టిలో కొలత అన్నది మాట్లాడుకోలేనివాళ్ళకు. ఇలాంటి తగాదాల్లో తీర్పు కూడా ఇరుగుపొరుగుల సాక్ష్యం మీదే నిలుస్తుందంటాడు, వాళ్ళకు ఆయన వాడిన మాట సామంతులు. కప్పం కట్టే సామంతరాజులనే మనం ఎరుగుదుం గానీ, ఆ మాటకు అసలర్థం హద్దుకు ఆనుకుని ఉన్నవాడని. ఇతర మతాల్లోనూ ఈ చింత కనిపిస్తుంది. ఉమ్మడి వాకిట్లో పక్కవాడి కిటికీకి ఎదురుగా కిటికీ తెరవొద్దని యూదుల మిష్నా చెబుతుంది. నీ గోడలో పొరుగువాడు దూలం ఆనించుకుంటానంటే కాదనొద్దని ముస్లింల హదీసు చెబుతుంది. ఒకటి కట్టేవాడికి కళ్ళెం, రెండోది కాదనేవాడికి. రెండింటినీ కలిపి చూస్తే తేలేదొకటే: సందు రెండు ఆస్తుల మధ్య మిగిలిపోయిన ముక్క కాదు, ఇద్దరూ కలిసి నిలబెడుతున్న ఒక వస్తువు. ఇటువైపు వాడు వదిలాడు గనకే అటువైపు వాడికి గాలి వస్తోంది. అలాంటిదాని మీద ఒక్కడే నిర్ణయం తీసుకోవడం తప్పు; అంగుళాలు ఎన్ని తగ్గాయన్నది ఆ తర్వాతి మాట.

ఈ మాటకు భద్రాద్రి కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో అక్కడ రాముడి గుడి కట్టాడు. గోల్కొండ ఏలిక తానీషా ముందుగా అనుమతివ్వలేదు. గోపన్న కట్టింది సొంత మేడ కాదు, దేవుడి ఇల్లు. అంతకంటే మంచి అవసరం ఏముంటుంది? అయినా పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో ఉన్నాడంటుంది కథ. ఆ తర్వాత జరిగిందాన్ని మనం భక్తిగానే విన్నాం, లెక్కగా వినలేదు. దేవుడు కారాగారం గోడలు పగలగొట్టలేదు. నా గుడికి వాడింది నాదే అనలేదు. రామలక్ష్మణులు సేవకుల వేషాల్లో అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్ళి, బాకీ ఆరు లక్షలూ పైసాతో సహా కట్టి, రసీదు తీసుకున్నారు. మన జనం ఊహించుకున్న దేవుడు రసీదు అడిగాడు! అడగకుండా కట్టినదానికి, ఎంత మంచిపనైనా, బాకీ ఉంటుందన్న ఇంగితం ఆ కథ కట్టినవాళ్ళకు ఉంది. అంతకు ముందు పోకల దమ్మక్క అడవిలో దొరికిన స్వామికి తాటాకు పందిరి వేసి తాటిపండు పెట్టిందంటారు. ఆ పందిరి నీడ ఎవరి ఇంటిమీదా పడి ఉండదు. రాతిగుడి వచ్చింది, ఊరు వచ్చింది, ఇటీవల మాడవీధులు వెడల్పు చేయాల్సి వచ్చింది. చుట్టూ ఇళ్ళు తీసుకోవాలంటే రాముడి పేరు చెప్పినా పరిహారం లెక్క తప్పలేదు.

అవసరం మాటేమిటని కట్టుకునేవాడు అడుగుతాడు. కొడుక్కి పెళ్ళయింది, గది కావాలి. గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. పల్లపు వీధిలో ఉన్నవాడు పైన ఇంకో గది వేసుకోవాలనుకుంటే అత్యాశ అనగలమా? అనలేం. ఆ అవసరం నిజమైంది గనకే చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. స్లాబు పోసే తెల్లవారుజామున మిక్సరు చప్పుడుతో కాక, పునాది గీతలకు సున్నం చల్లకముందే వచ్చి చెబితే, చాలామంది పొరుగువాళ్ళు సన్‌షేడ్ కాస్త తగ్గించమనో, ఆ కిటికీ పైకి జరపమనో అంటారు, అంతే. ఇక ముందుగా హద్దుదాకా కట్టి కిటికీలు తెరుచుకున్నవాడే రెండోవాణ్ణి ఆపడం న్యాయమా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. న్యాయం కాదు. సందులో తన భాగం వదలనివాడికి అవతలి భాగం మీద నోరు లేదు. ఈ వాదన ఫిర్యాదుదారుకి ఎప్పుడూ అనుకూలంగా ఉంటుందని నేను అనడం లేదు.

గిరిజన ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. అది ఖమ్మం పట్టణంలో లేదు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. జనం నోట్లో అది వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా, చట్టం అనుకుంటుంది. అలాంటి చోట ‘నీ పట్టా చూపించి మాట్లాడు’ అని పక్కవాడు ఎదురు తిరిగితే కాగితాలన్నీ నీళ్ళు నమలాల్సిందే. అందుకని ఎవరికీ ఎవర్నీ అడిగే హక్కు లేదా? నాకు రెండోవైపు తోస్తుంది. హక్కుపత్రం బలహీనంగా ఉన్నచోటే పొరుగు ధర్మం బలంగా ఉండాలి, ఎందుకంటే మిగిలేది అదొక్కటే. పైగా దడికీ దడికీ మధ్య ఖాళీ వదులుకుని బతికిన కోయగూడెం వైపు నుంచి చూస్తే, ఇక్కడి బజార్లన్నీ ఒకరి ఇంటి పక్కన అడగకుండా లేచిన గదులే. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలన్నది ఇందుకే. పొరుగువాణ్ణి అడగాలన్న పాత మర్యాదనే పార్లమెంటు కాగితం మీద పెట్టింది. ఆచరణ సంగతి ఊళ్ళవాళ్ళే చెప్పాలి. ఇక అడవి ఉంది. అదీ పొరుగే, దానికి సంప్రదింపు నోటీసు అందదు.

ఆధ్యాత్మికంగా వచ్చే అభ్యంతరం వేరు. ఈ ఇల్లే అద్దె కొంప, శరీరమే మనది కాదు, జానెడు వెలుతురు కోసం రగడేమిటి, వదిలెయ్యి అంటారు. వదిలేయడం గొప్ప గుణమే, వదిలేవాడు తనంతట తాను వదిలినప్పుడు. కట్టేవాడు అవతలివాడి వైరాగ్యాన్ని ముందే లెక్కలో వేసుకుని పిల్లరు లేపితే దాన్ని వేదాంతం అనరు. వాస్తు చెప్పేవాళ్ళు మరోదారి పట్టిస్తారు. ఈశాన్యం మూసుకుపోయింది, అరిష్టం అంటారు. వాళ్ళే నైరుతి ఎత్తు పెంచమంటారు. నా నైరుతి మూలకు ఆనుకుని ఉండేది ఒకాయన ఈశాన్యం! నేను నా అదృష్టం కోసం ఎత్తిన గోడ ఆయన అరిష్టమైతే, ఆ శాస్త్రంలో పొరుగువాడు ఎక్కడున్నట్టు?

హద్దు మీదికి తెచ్చి కట్టిన గోడల్ని బయటివైపు నుంచి చూడాలి. లోపల పుట్టీ, రంగు, దేవుడి పటం. బయట పచ్చి ఇటుక, వరసల మధ్య పొంగి గట్టిపడ్డ సిమెంటు, తొలి వానకు చెమ్మ. తాపీమేస్త్రీ దిగడానికి సందు లేదు, తాపీ తిప్పడానికి మోచెయ్యి ఆడదు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి రంగు పొక్కులు లేస్తుంది. బయట ప్లాస్టరింగ్ చేయాలంటే పరంజా కర్రలు పాతాల్సింది పక్కింటి పెరట్లోనే. పునాదప్పుడు రాని మనిషి అప్పుడు వచ్చి గేటు గొళ్ళెం తీస్తూ, ‘అన్నా, ఇంట్లో ఉన్నవా?’ అని పిలుస్తాడు.