శనివారం కూలి, ఆదివారం ఆరాధన

1860ల చివర్లో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగ కుటుంబాలు బాప్తిస్మం అడుగుతూ వచ్చాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వాళ్ల ముందు పెట్టినవి మూడే నియమాలు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి తేలిగ్గానే ఉన్నాయి. కానీ ఆనాటి పల్లెలో ఇవి నేరుగా కూటికే గండి కొట్టేవి. మాదిగవాడ రైతులకు చెప్పులు కుట్టాలి, మోటబావికి తోలు బొక్కెన చేసివ్వాలి, కబురొస్తే పొలానికి పరుగెత్తాలి, అమ్మవారి జాతరలో డప్పు కొట్టాలి. అందుకు బదులుగా దక్కేది కళ్లం దగ్గర కొలిచిచ్చే గింజలు, చచ్చిన గొడ్డు. ఆ గొడ్డు తోలే వాళ్ల వృత్తికి ముడిసరుకు. మాంసం ఆకలి రోజుల్లో అన్నం. కోతల కాలంలో ఆదివారం రానంటే కామందు ఊరుకుంటాడా? జాతరలో డప్పు మోగకపోతే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోలేదు. తొలినాటి విశ్వాసులు ఊరిపెద్దల ఆగ్రహం బాగానే చవిచూశారు.

ఆ నియమాలు కోరింది రోజువారీ బతుకులో పరిశుద్ధతను. పరిశుద్ధత అనగానే కొండగుహ, మౌనం, జపం గుర్తొచ్చే దేశం మనది. ఆ తొలి విశ్వాసుల్లో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్యకు కూడా అంతకుముందు రాజయోగ మార్గంతో పరిచయం ఉంది. తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. క్రైస్తవులయ్యాక కూడా ఆయన తోటి విశ్వాసుల్లో ఎక్కువమంది ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. అదే వాడ, అదే పని, అదే కామందులు. మారిందల్లా వాళ్ల ముందు 'ఈ పని చెయ్యను' అని చెప్పవలసి రావడం.

ఈ నియమాల్లో బయటివాడి చూపు లేదనలేం. వాడ ఎందుకు ఆ మాంసం తినవలసి వచ్చిందో అడగకుండా, తినొద్దని చెప్పడం సులువే. అయినా అరవై ఏళ్ల తర్వాత, 1927లో, మహాడ్ సభలో అంబేద్కర్ కూడా చచ్చిన పశువు మాంసం మానెయ్యమని తన వాళ్లకు గట్టిగా చెప్పారు. దారులు వేరైనా క్లౌ, అంబేద్కర్ ఇద్దరి మాటా మనిషి ఆత్మగౌరవం గురించే.

క్లౌ మరో పని కూడా చేశాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ రోజుల్లో ఎంతమంది అడిగినా బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమోనని సందేహం. కరువు పనులు ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను సభల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని వెనకున్న పదిహేను నెలల నిరీక్షణను చెప్పుకునేవారు తక్కువ.

పని మధ్యనే దేవుణ్ణి వెతికినవాళ్లు మరోచోట లేరని కాదు. పదిహేడో శతాబ్దపు పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే కార్మెలైట్ సన్యాసి మఠం వంటగదిలో ఏళ్ల తరబడి చాకిరీ చేశాడు. వంటపని సహజంగా ఆయనకు గిట్టేది కాదు. ఆ పనిలోనే దేవుని సన్నిధిని సాధన చేశాడు. తర్వాత చెప్పులు బాగుచేసే పనికి మారాడు. ఆయన మాటలూ ఉత్తరాలూ ఇప్పటికీ చదువుతారు. అయితే ఆయన చుట్టూ మఠం గోడ ఉంది, పూటకు అన్నం ఉంది. పేరయ్య తోటివారికి అవి రెండూ లేవు.

ఇంగ్లిష్ బోధకుడు జాన్ వెస్లీ దగ్గర ఇదే సంగతి డబ్బులో తేలుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని తమ మిత్రబృందంలో ఒకరి లెక్క ఆయన ఒక ప్రసంగంలో చెప్పాడు. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 దానం చేశాడు. 60 వచ్చిన ఏడూ 28తోనే బతికి 32 ఇచ్చేశాడు. 120 వచ్చిన ఏడు కూడా ఖర్చు 28 దాటలేదు. మన సంఘాల్లో దశమభాగం గురించి ప్రసంగాలకు కొదవ లేదు. మిగిలిన తొమ్మిది భాగాల గురించి ఎవరూ అడగరు.

అసలు బైబిల్లో పరిశుద్ధులై ఉండమన్న పిలుపు వినిపించే లేవీయకాండం 19వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. విగ్రహాల మాట, విశ్రాంతిదినం మాట అందులోనూ ఉన్నాయి. వాటి పక్కనే పొలం అంచుల్లో పంటను పేదలకు వదలమని ఉంది. కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోవద్దని, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దని, తక్కెడ, తూకంరాళ్లు, కుంచం సరిగా ఉండాలని ఉంది.

ఇవాళ చాలా కూటాల్లో పరిశుద్ధత అంటే నగలు తీసెయ్యడం, సినిమా మానడం, తెల్లబట్టలు కట్టడం. మానినవాళ్ల చిత్తశుద్ధిని వెక్కిరించనక్కర్లేదు. కొందరికి అది నిజంగా త్యాగమే. కానీ ఈ జాబితాలో ఎక్కువ భాగం ఆడవాళ్ల ఒంటి మీదనే ఉంటుంది. అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని పేర డబ్బాలో వేసే ఇల్లాలు ఉంటుంది. అదే ఇంట్లో తాపీమేస్త్రీకి ఇవ్వాల్సిన మూడువేలు 'వచ్చేవారం చూద్దాం' అంటూ నాలుగు వారాలుగా నానబెట్టే యజమాని ఉంటాడు. ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే ప్రభువు బల్ల తీసుకుంటారు. సంఘం నిలదీస్తే ఆమె చెవిదుద్దుల గురించే నిలదీస్తుంది.

ఒంగోలు నియమాలు ఆచరించినవాడి పనినీ తిండినీ తాకాయి, యజమానితో అతని సంబంధాన్ని కుదిపేశాయి. ఇప్పటి నియమాలు యజమానినే తాకాలి. పాస్టర్లు, సంఘ పెద్దలు ప్రభువు బల్ల ముందు చేసే హెచ్చరికలో ఒక్క ప్రశ్న చేర్చండి: పనివాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేశారా? ఇవ్వనివాళ్లు ముందు వెళ్లి ఇచ్చి రమ్మనండి. ఆరాధన కాసేపు ఆలస్యమైతే కానివ్వండి.