ఆ బీదవాని గొఱ్ఱెపిల్ల



మొన్న ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే సమయంలో ఒక సహోదరి లేచి, ఏమీ చెప్పకుండానే కూర్చున్నారు. (ఆమె అనుమతితోనే రాస్తున్నాను.) ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో అడిగితే, "మా కుక్క చనిపోయింది పాస్టర్ గారూ. చెబితే నవ్వుతారని..." అన్నారు. పదమూడేళ్ళు పెంచారట. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక, హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చే ఆమె కోసం తలుపు దగ్గర కాచుకుని ఉన్నది అదొక్కటే.

నవ్వాలనిపిస్తే 2 సమూయేలు 12వ అధ్యాయం తెరవండి. నాతాను చెప్పిన కథలో బీదవానికి ఉన్నది ఒక్క గొఱ్ఱెపిల్ల. అతని కంచంలోదే తినేది, అతని గిన్నెలోదే తాగేది, అతని ఒడిలో పడుకునేది. కూతురితో సమానం. దావీదు ఒకప్పుడు గొఱ్ఱెలు కాచినవాడే కదా, వింటూనే మండిపడ్డాడు. "గొఱ్ఱెపిల్లే కదా" అనలేదు. రాజు చేత పాపం ఒప్పించడానికి దేవుడు వాడుకున్నది ఆ మమకారాన్నే!

"అది పరలోకంలో ఉంటుందా?" అని అడిగారామె. లేఖనం తేల్చి చెప్పనిది నేను చెప్పలేను. కానీ కాసుకు రెండు వచ్చే పిచ్చుకల్లో ఒకటి నేల రాలినా తండ్రికి తెలుసని ప్రభువే చెప్పారు (మత్తయి 10:29). నీనెవె మీద జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడా దేవుడు తలచుకున్నాడు.

దాని పేరు అడిగాను. చెప్పారు. కార్ల మధ్యనే నిలబడి, ఆ పేరు చెప్పి దేవునికి కృతజ్ఞతలు చెల్లించాం. వచ్చే ఆదివారం ఆమె కనబడితే, మీరూ దాని గురించి అడగండి.