శ్రమ వెనుక నడచివచ్చు ఆనందము



దేహమే దేవాలయమని బసవేశ్వరుడు మనకు బోధించెను. దేవాలయమన్నచో నిత్యము ఊడ్చి, అలికి, దీపము పెట్టువారుండవలెను. దేహమను దేవాలయమునకు ఆ నిత్యసేవ చలనమే. ఈ సంగతి తెలియనివారు నేడు లేరు. వైద్యుడు చెప్పుచున్నాడు, పత్రికలు చెప్పుచున్నవి, ఇంటిలో పిల్లలును చెప్పుచున్నారు. అయినను తెల్లవారుజామున లేచి నడువవలెనన్నచో కొందరు పండుగకు పోవువారివలె బయలుదేరుదురు. మరికొందరు చేదుమందు మ్రింగినట్లు ఆ అరగంటను మ్రింగి, ఇంటికి వచ్చి, "అమ్మయ్య, ఈ పూట గడచినది" అని కూర్చుందురు. ఇంకను ఎందరో రేపటినుండి మొదలుపెట్టెదమనుచునే సంవత్సరములు గడపుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2022లో లోకమందలి పెద్దలలో సుమారు 31 శాతము మంది దేహమునకు చాలినంత శ్రమ ఇచ్చుటలేదు. మన దేశమున ఆ సంఖ్య దాదాపు సగము.

అట్లయిన వ్యాయామము సుఖమా? లేక ఆయుష్షు కొరకు ఓర్చుకొనవలసిన కష్టమా? ఇది వైద్యుని గదిలో అడుగవలసిన ప్రశ్నయే గాని ప్రవచనమున దీనికి తావేమని కొందరికి తోచవచ్చును. ఆలోచింపుడు. లింగపూజ చేయునపుడును ఈ ప్రశ్నయే మన ముందు నిలుచును గదా! ఇష్టముతో చేయుచున్నామా, మొక్కుబడి తీర్చుచున్నామా? దేహసేవలో ఈ చిక్కు విడిపోయినచో దేవసేవలోను విడిపోవును. కావున విచారింతము.

మొదట ఈ ప్రశ్న ఎవరికి పుట్టినదో చూడవలెను. మన పల్నాటి తాతముత్తాతలకు ఇది పుట్టలేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది. అంతకుముందు ఈ సీమలో అధికభాగము మెట్ట. జొన్నయు సజ్జయు పండించి, ఆ గింజను రోట దంచి, తిరుగలి విసరి, దూరపు బావినుండి బిందె మోసి తెచ్చిన నీటితో సంకటి వండుకొనిన కుటుంబములు మనవి. ఆ సాగరపు ఆనకట్టయు రాతికట్టడమే. వేలమంది కూలీలు రాళ్లు మోసి, ఒకదానిపై నొకటి పేర్చి కట్టినది. వారికి వ్యాయామమను మాటతో పనిలేదు. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువరకు దేహము కదలుచునే యుండెను.

పిదప ట్రాక్టరు వచ్చినది, పిండిమర వచ్చినది, మిక్సీ, మోటారుసైకిలు వచ్చినవి. ఇది కీడని నేననను. నడుము వంగిన తల్లి చేతినుండి రోకలి తొలగిపోవుట శివుని దయయే. కాని పనినుండి శ్రమ విడిపోగా, ఆ విడిపోయిన శ్రమను మనము గడియారము చూచి వేరుగా చేయవలసి వచ్చినది. దాని పేరే వ్యాయామము. పంట రాదు, పైస రాదు, ఊరక నడువవలెను. మనసు ఎదురుతిరుగుటలో వింత యేమున్నది?

ఇచట ఒక హెచ్చరిక అవసరము. నేటికిని పిడుగురాళ్ల సున్నపు బట్టీలయొద్ద మంటవేడిలో నిలుచువారు, మిరపచేలలో నడుము వంచి కాయ కోయువారు మనలో కలరు. వారియొద్దకు పోయి శ్రమలో ఆనందమున్నదని ఉపన్యసించుట పాపము. వారికి కావలసినవి నీడ, విశ్రాంతి, న్యాయమైన కూలి. గతిలేక చేయు శ్రమకును, మనసారా చేయు శ్రమకును చేతుల కదలిక ఒక్కటే కావచ్చును; ఆత్మకు మాత్రము రెంటి నడుమ ఆమడ దూరము కలదు. బసవేశ్వరుని కాయక సిద్ధాంతము ఈ దూరమును గుర్తించినది. తన యిచ్ఛతో, నిజాయితీతో చేసి, ఫలమును దాసోహమునకు అర్పించిన పనియే కాయకము. దానియందే కైలాసమును చూడుమని శరణులు చెప్పిరి. నొసట చెమట పట్టినదల్లా కాయకము కాదు.

మరియొక అడ్డంకి కలదు. అది కాళ్లలో లేదు, మనసులో ఉన్నది. మన సమాజమున నడచిపోవువాడు పేదవాడు; వాహనమెక్కినవాడు గొప్పవాడు. బరువు మోయువాడు తక్కువ, మోయించువాడు ఎక్కువ. ఈ లెక్క నెత్తురులో ఇంకిన వానికి నాలుగు అడుగులు నడచుటయే అవమానముగా తోచును. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపములో పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య, చెప్పులుకుట్టు హరళయ్య మంత్రియైన బసవన్నతో సరిసమానముగా కూర్చుండిరి. ఆ కాలముననే మన మాచెర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని భుజింపజేసెనని పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. ఆయన వైష్ణవుడు, మనది శివమార్గము. అయినను రెండుచోట్ల విరిగినది ఒక్క అహంకారమే. అక్కడ భోజనమందలి మెట్టు కూలినది. ఇక్కడ శ్రమయందలి మెట్టు కూలినది. మనలో ఈ రెండవ మెట్టు ఇంకను నిలిచియున్నదేమో ఎవరికి వారు చూచుకొనవలెను. నడకను నామోషీగా భావించువానికి నడకలో సుఖమెట్లు దొరకును?

ఇక సుఖము దొరకుచోటును చూతము. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపమందలి కోటప్పకొండ తిరునాళ్లకు పోనివారు మనలో అరుదు. ఆ పండుగకు ఊరూర ప్రభలు కట్టుదురు. వెదుళ్లు తెచ్చి, నిలువున ఎత్తి, మోకులు బిగించి, రాత్రింబవళ్లు పాటుపడుదురు. ఇంటివద్ద అరగంట నడువుమన్న తీరిక లేదను యువకుడే అచట కూలి లేకుండ, పిలుపు లేకుండ, అరచేతులు ఒరసిపోవునంతగా మోకు లాగును. కష్టముగా నున్నదా యని అడిగినచో నవ్వును. మెట్లదారిని కొండయెక్కు ముసలమ్మను చూడుడు. పది మెట్లకొకసారి ఆగును, పక్కవారితో మాటలాడును, స్వామిని పిలుచును, మరల ఎక్కును. వాహనములు పోవు దారి యున్నను ఆమె మెట్లనే యెంచుకొనినది.

ఇది నేటి వింత కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణములో శివరాత్రికి శ్రీశైలము పోవు భక్తుల సందడిని వర్ణించెను. ఆ కాలపు జనులు పాడుకొను పాటల పేర్లను చెప్పుచు పర్వత పదములను, ఆనంద పదములను పక్కపక్కనే పేర్కొనెను. పర్వతమును, ఆనందమును ఒక్క నోట పలికిన జాతి మనది! తోడు, పాట, తలపు అను మూడును చేరినచోట కొండ బరువు తగ్గును.

నేటి శరీరశాస్త్రజ్ఞులును దీనికి దగ్గరగానే చెప్పుచున్నారు. మాటలాడుటకు వీలై, పాడుటకు మాత్రము ఊపిరి చాలనంతటి శ్రమను వారు మధ్యమశ్రమ అందురు. అందాక పోవువరకు మనుష్యులలో పెక్కుమందికి అది హాయిగానే యుండును. మాట పెగలని స్థితికి పోయినచో దాదాపు అందరికిని బాధయే. శ్రమకు పూర్వము మనము ఊహించుకొను కష్టము, తీరా చేయునపుడు కలుగు కష్టముకన్న పెద్దదనియు, ముగిసిన పిమ్మట మనసు తేలికపడుననియు వారి పరిశీలనలు తెలుపుచున్నవి. ఈ చివరి మాటను గట్టిగా పట్టుకొనుడు. ఆనందము ముందు నడచి మనలను పిలుచుట అరుదు. వెనుక నడచి వచ్చును.

కోటప్పకొండ స్థలపురాణము ఈ మర్మమునే కథగా చెప్పుచున్నది. కొండకావూరు గొల్లవారి ఆడపడుచు ఆనందవల్లి. ఆమె పేరులోనే ఆనందమున్నది. ఆమె దినదినము రుద్రశిఖరమెక్కి స్వామిని సేవించెడిది. గర్భవతియై ఎక్కలేని దినములు వచ్చినవి. అపుడామె స్వామినే క్రిందికి రమ్మని వేడుకొనెను. ఎక్కలేనిదానవు నీకు భక్తి యేల యని ఆయన కసరుకొనలేదు. నేను నీ వెనుకనే వచ్చెదను, నీవు వెనుదిరిగి చూడకుము అని మాత్రమే చెప్పెను. ఆమె ముందు నడచినది; ఆయన వెనుక నడచెను. బ్రహ్మశిఖరముకడ ఆమె ఆగలేక తిరిగి చూచెను. స్వామి అచటనే నిలిచి లింగరూపుడాయెను.

మన శరణుల చరిత్రలోను ఇట్టి కథ కలదు. నులియ చందయ్య గడ్డికోసి త్రాళ్లు పేని జంగములకు దాసోహము చేసెడివాడు. ఒకనాడు కోతలో ఆయన లింగము జారిపడినను ఆయన పని విడువలేదు. లింగమే ఆయన వెంటబడి తన్ను చేకొనుమని వేడినదట. కొండమీది గొల్లభామకును, గడ్డిచేలోని చందయ్యకును ఒక్కటే అనుభవము. శ్రమ ముందు నడచినది. శివుడు వెనుక వచ్చినాడు.

వ్యాయామము చేయుచు అడుగడుగున "సుఖము వచ్చినదా? ఇంకను రాలేదా?" అని వెనుదిరిగి చూచువాని సుఖము అచటనే రాయియై నిలిచిపోవును. నాలుగు దినములు నడచి తూకపు యంత్రమెక్కి, తగ్గలేదని విసిగి మానువారు ఈ కోవలోనివారే. చూడక నడువుడు. వచ్చునది వచ్చును.

అట్లని హద్దు మీరరాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున బలవంతుడును తన శక్తిలో సగముమేరకే వ్యాయామము చేయవలెనని, అదియు చలికాలమునను వసంతమునను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెనని విధించెను. మన పల్నాటి ఎండ నెరిగినవారికి ఈ నియమము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమ. దినమునకు పంచినచో అరగంటకు అటునిటు. అంతియే! ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యముకన్న ఎక్కువ బియ్యము ఏరితెచ్చినపుడు ఆయన ఇల్లాలు లక్కమ్మ, ఇది మన అవసరము కాదు, ఆశ. తిరిగి పోసిరండు అని పంపినది. పుణ్యకార్యమునను ఆశ దూరునని ఆ తల్లి ఎరుగును. మొదటి దినముననే ఆరు నెలల బద్ధకమును తీర్చుకొనజూచి, మూడవ దినమున మంచమెక్కువారికి లక్కమ్మయే వైద్యురాలు.

కావున నా మనవి ఇది. పొద్దెక్కకముందే లేచి, ఇష్టలింగధారణతో, మనసులో పంచాక్షరితో, వీలైనచో ఒక తోడుతో నడువుడు. నడక గిట్టనివారు మొక్కలకు నీరు పోయుడు, మఠపు ముంగిలి ఊడ్వుడు, పెద్దలకు నీరు తోడి యిండు. ఇల్లాలి పనిలో సగము పురుషుడు పంచుకొనినచో ఆయనకు శ్రమయు, ఆమెకు ఒక గంట తీరికయు లభించును. ఆ గంటలో ఆమెయు తన మేలు కొరకు నడువవచ్చును. వ్యాధిగ్రస్తులు, గర్భవతులు, వృద్ధులు వైద్యుని మాట విని తమకు తగినంతయే చేయుదురుగాక. ఎక్కలేనివారికై దిగివచ్చిన దేవుడు మనకున్నాడు.

ఇంత చేసినను ఆనందము కలుగనివారు కొందరుందురు. దేహప్రకృతులు వేరువేరు. ఒకనికి పరుగు ఆట. మరియొకనికి అది ఎన్నటికిని పరీక్షయే. అట్టివారు తమను తాము నిందించుకొనవలదు. వారిని సోమరులని ఇతరులు నిందింపవలదు. ఇష్టముతో నడచినవాని నడకకన్న, ఇష్టములేకున్నను తన్ను నమ్ముకొనిన భార్యాబిడ్డల కొరకు, తనకు శివుడిచ్చిన దేవాలయము కూలిపోకుండుట కొరకు ఓర్పుతో నడచినవాని నడక తక్కువది కాదు. మొదటివాడు ప్రసాదమును నడచుచునే భుజించుచున్నాడు. రెండవవాడు ఉపవాసముండి నడచుచున్నాడు. స్వామి ఇద్దరి వెనుకను వచ్చుచునే యున్నాడు.

ఓం నమః శివాయ. సర్వేజనాః సుఖినోభవంతు.